చేపకన్ను సారు

మొన్న మా కోడలు కొత్త ఫోను కొనుక్కోని, మా అందర్నీ వసారాలో వరసగా నిలబెట్టి ఫొటో తీసింది. చూస్తే, చివర నిలబడిన నా చెయ్యి సొరకాయలాగా సాగిపోయి ఉండాది. తల ఒక పక్కకి ఒరిగిపోయి ఉండాది.

"ఇదేందమ్మే, నన్నిట్ట సాగదీసినావు?" అన్నా.

"నేనేం చేసేదత్తా? అంచున నిలబడితే అట్నే వస్తది. ఫోన్లో అదొక రకం కన్ను," అనింది.

ఆ మాట వినంగానే నవ్వొచ్చింది. నవ్వు అయిపోయేలోగా ఒక మనిషి గుర్తొచ్చినాడు. అంచున నిలబడినోళ్ళు వంగిపోతారని నాకు పదేళ్ళ ముందే తెలుసు. నాకు ఆ సంగతి చెప్పినాయన పోయిన వానాకాలంలో కోవూరులో కన్నుమూసినాడు. ఆయనకి పేరు లేక కాదు. మా పల్లెలో ఆ పేరుతో ఆయన్ని పిలిచినోళ్ళే లేరు. మాకాయన చేపకన్ను సారు.

ఆయన్ని నేను మొదట చూసినప్పుడు, మనిషి పోయినాడనే అనుకున్నా.

మాఘమాసం. మైపాడు పక్కనే మా పల్లె. పొద్దున్నే పడవల కాడికి గంజి తీసుకోని పోతా ఉండా. మా ఇసకదిబ్బల మీద మేకగిట్టలాంటి ఆకుల తీగ ఒకటి పాకతా ఉంటది, ఊదారంగు పూలు పూస్తది. ఆ తీగ మధ్యలో ఒక పెద్దాయన బోర్లా పడి ఉండాడు. తల పూలల్లో, కాళ్ళు ఎండలో. నేను కేక పెడితే వలలు దులుపుకుంటా ఉండే మగోళ్ళు నలుగురు పరుగెత్తుకోనొచ్చినారు. ఒకడు కాళ్ళు పట్టుకున్నాడు, ఒకడు చంకల్లో చేతులేసినాడు. నేను గంజి చెంబు ఆయన నోటికాడ పెట్టినా.

"కదిలించొద్దు! కదిలించొద్దు! ఇరవై ఏడు అయినాయి!" అని అరిచినాడు చచ్చిపోయినాయన.

ఇరవై ఏడు ఏందో మాకెవురికీ తెలియలా. ఎండదెబ్బ అనుకోని ఎత్తి కూర్చోబెట్టేసినాం. అప్పుడు చూస్తే, ఆ మనిషి మోకాళ్ళకి రెండు, మోచేతులకి రెండు పాత హవాయి చెప్పులు తాళ్ళతో కట్టుకోని ఉండాడు. పల్లేరుకాయలు గుచ్చుకోకుండానంట. అట్ట నాలుగు కాళ్ళకీ చెప్పులేసుకున్న మనిషిని మేం చూడ్డం అదే మొదలు. చేతిలో కెమెరా. దాని ముందర గాజు గుడ్డులాగా ఉబ్బి ఉండాది.

"దీన్ని చేపకన్ను అంటారమ్మా," అన్నాడు ఇసక ఉమ్ముకుంటా. "దీంట్లోంచి చూస్తే ఈ చెవి కాణ్ణుంచి ఆ చెవి దాకా ఎంత లోకముందో అంతా కనపడతది."

మా అత్త ఈలోగా గంప దించుకోని వచ్చింది. అరవై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. ఆ గాజు దగ్గర ముఖం పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాది. లోపలికి పీక్కుపోలా. తాజా సరుకే," అనింది.

ఆ పూటతో ఆయన పేరు పోయింది.

ఆయన కరెంటాఫీసులో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయినాయన. "ముప్పై ఏళ్ళు గోడలకేసి చూసినానమ్మా. ఇప్పుడు పూలకేసి చూస్తుండా," అనేవాడు. ఆ ఏడు మొదలుకోని ఏటా మాఘంలో బస్సు దిగి, మా వసారా పక్క గదిలో మకాం పెట్టేవాడు. ఉగాది పచ్చడి తిని పోయేవాడు. దిబ్బల మీద పూలు, జీడిమామిడి పూత, వేపపూత, కానుగ పూత, ఏదీ వదిలిపెట్టలా. ఒక్క పువ్వూ కోయలా. వేపపూత కోసుకొచ్చేదానికి నేను చెట్టుకాడికి పోతే, వెనకాలే వచ్చి, "ఆ గుత్తి వద్దమ్మా, దాని పని ఇంకా సగంలో ఉంది," అని బతిమాలుకునేవాడు.

ఆ ఇరవై ఏడు ఏందో తర్వాత చెప్పినాడు. పువ్వుకి అంత దగ్గరగా పోతే ముందర రేక తేటగా వస్తదంట, వెనక రేక మసకైతదంట. వెనకది తేటగా వస్తే ముందరిది మసక. అందుకని వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటా ముప్పై, నలభై ఫొటోలు తీస్తాడు. వాటిని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏ ఫొటోలో ఏది తేటగా ఉంటే అది ఏరుకోని, అన్నీ కలిపి ఒక్క ఫొటో చేస్తాడు.

మా అత్త అంతా విని, "నా కొడుకు పెళ్ళిలో ఒక్క ఫొటో తీసి ముప్పైమందికి పంచినారు. నువ్వు ముప్పై తీసి ఒక్కటి చేస్తుండావు. నీ యవ్వారం తలకిందలు నాయనా," అనింది.

దీనికి పువ్వు కదలకూడదు. సముద్రం ఒడ్డున కదలని పువ్వు యాడుంటది? ఆయన గాలిని తిట్టేవాడు కాదు. దణ్ణం పెట్టేవాడు. "ఒక్క రెండు నిమిషాలు తల్లీ," అని ఎవురూ లేని పక్కకి చూసి చేతులు జోడిస్తుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మూడురోజులు ఆ అగచాట్లు చూసి మా అత్తకే జాలేసింది.

"ఇట్రా. పొద్దున్నే నేల పక్క గాలి సముద్రంలోకి పోతది. పొద్దెక్కినాక సముద్రం గాలి ఇట్టొస్తది. ఒకటి పోయి ఇంకోటి వచ్చేలోగా మధ్యలో కొంచెంసేపు ఆకు కదలదు. మా కాలంలో తెరచాపలోళ్ళు ఆ యాళకి పడవలో కూర్చోని బూతులు తిట్టుకునేవాళ్ళు. నీకు పనికొస్తదేమో చూడు."

ఆయన నోటుపుస్తకం తీసి అది రాసుకున్నాడు. అప్పట్నుంచి ఆ కాసేపటికి ఆయన పెట్టిన పేరు, మీ అత్తగారి టైము. "టీ తర్వాత తాగతానమ్మా, అత్తగారి టైము అయింది," అని నాలుగు చెప్పులూ కట్టుకోని పరిగెత్తేవాడు.

మా ఇంట్లో అన్ని చేపలూ తినేవాడు. తల మాత్రం పళ్ళెం అంచుకి జరిపేవాడు. "ఎందుకు సారూ?" అంటే, "అది నన్నే చూస్తుందమ్మా," అనేవాడు. "చేపకన్ను మెడలో వేసుకోని ఊరంతా తిరుగుతావు, పళ్ళెంలో ఉండే కన్నంటే భయమా?" అని మా అత్త ఆ తల తీసుకోని, ఆయన ముందరే కూర్చోని జుర్రుకునేది. ఆయన గోడకేసి చూసేవాడు. అలవాటైన పనే గదా.

ఇంక మా తోడికోడలి సంగతి చెప్పాల. చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు.

మా తోడికోడలు అంటే నా మరిది పెండ్లాం. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. కాపరానికొచ్చిన కొత్తలో అక్కా అక్కా అని నా కొంగు పట్టుకోనే తిరిగింది. అన్నదమ్ములు వేరుపడినాక రెండిళ్ళకీ మధ్యన తాటాకు దడి లేచింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మాటలు పోయినాయి. ఎందుకు పోయినాయంటే ఇప్పుడు ఇద్దరం గుర్తులేదంటాం. నాకు గుర్తుండాది. చెప్పను.

సారు వచ్చేనాటికి రెండేళ్ళయింది మేం మాట్లాడుకోక. చెప్పాల్సిందేమన్నా ఉంటే నేను నా కోడికి చెప్పేదాన్ని. "ఏమే కోడీ, నీళ్ళ ట్యాంకరొచ్చింది, కొందరికి వినపడలేదేమో!" ఆమె దడి అవతల నుంచి తన మేకకి చెప్పేది. "చెవులు మాకూ ఉండాయిలేవే. నోరే కొందరికి పెద్దది."

సారు రాంగానే కోడికీ మేకకీ సెలవు దొరికింది. ఆయన రెండిళ్ళల్లోనూ పూలు తీసుకుంటా తిరుగుతాడు గదా, ఆయన్ని మధ్యన పెట్టుకున్నాం. ఆయన దాపరికం తెలియని మనిషి.

"అమ్మా, ఆమె మీకు చెప్పమనింది. మీ కోళ్ళు ఆమె ఎండుచేపలు తొక్కుతున్నాయంట. ఇంకోసారొస్తే కూర చేస్తదంట. మీకు పంపదంట."

"అంతమాట అనిందా?"

"అనింది. 'పంపను' అనేది రెండుసార్లు అనింది."

"మీరు కొంచెం మెత్తగా మార్చి చెప్పకూడదా సారూ?"

"నేను రీడింగు తీసేవాడినమ్మా. మీటర్లో ఎంతుంటే అంతే చెప్తా."

దడి కానుకోని నా పక్కన ఒక మునగచెట్టు ఉండింది. నేను కాపరానికొచ్చిన ఏడు, తోటపల్లి గూడూరులో మా పుట్టింటి చెట్టు కొమ్మ నరికి, తడిగుడ్డలో చుట్టి పంపింది మా అమ్మ. నా చేత్తో నాటినా. దాని కాయలు ఎండురొయ్యల్లో వేసి వండితే అన్నదమ్ములిద్దరూ చట్టి గీకేవాళ్ళు. మాటలు పోయినాక, దడి దాటి ఆమె పక్కకి వాలిన కొమ్మల కాయలు ఆమె కోయలా. నా కాయలు ఆమెకెందుకంట. అవి చెట్టుమీదే ఎండి, గాలొస్తే గలగలమనేవి. నాకది తిట్టినట్టే వినపడేది.

సారు ఆ చెట్టు కింద వెల్లకిలా పండుకోని, పూతలోకి చేపకన్ను పెట్టి ఒక ఫొటో తీసినాడు. నెల్లూరులో పెద్దదిగా వేయించుకోనొచ్చి నాకిచ్చినాడు. మునగపూత నేను రోజూ ఊడ్చి పారబోసేదే. దాని రేకలు అట్ట వెనక్కి తిరిగి ఉంటాయని, లోపల పసుపు ముద్దలాంటిది ఉంటదని, సన్న నూగుంటదని ఆ పొద్దు దాకా నేను చూడలా. మురిసిపోయి వసారాలో తగిలించినా.

మా తోడికోడలు అత్తని చూసేదానికి వచ్చినట్టు వచ్చి, గడప బయటే నిలబడి ఆ ఫొటో చూసింది. పూలు చూడలా. పూల వెనకాల ఓ పక్కగా మా దడి కూడా ఫొటోలో పడి ఉండాది. అది ఆమె ఇంటి పక్కకి నిండు చూలాలి పొట్టలాగా ఉబ్బి ఉండాది.

"అత్తా! చూసినావా? దడి మా ఇంట్లోకి పొట్ట పెట్టింది. ఫొటోయే చెప్తుంటే ఇంకేం సాక్ష్యం కావాల?" అనింది. అని ఊరుకోలా. ఊరి పెద్దాయన కాడికి పోయింది.

వలలు పెట్టే షెడ్డులో కూర్చున్నారు పెద్దలు. సారుని పిలిపించినారు. పాపం, ఆయన కెమెరా మెడలో వేసుకోని పరిగెత్తుకోనొచ్చినాడు. వచ్చి, ఒక వలతాడు అడిగి, రెండు గుంజలకి బిర్రుగా కట్టి, కెమెరా పెట్టి, "ఒక్కొక్కరే చూడండి," అన్నాడు. చూసినోళ్ళంతా నోళ్ళు తెరిచినారు. బిర్రుగా ఉండే తాడు దాంట్లో విల్లులాగా వంగి ఉండాది. "ఈ కన్నుకి అంతా కనపడతదయ్యా. కానీ అంచుల్లో తిన్నగా ఉండేది తిన్నగా కనపడదు. అది దడి తప్పు కాదు," అన్నాడు.

పెద్దాయన చూసి, "అయితే సారూ, నా బొజ్జ కూడా ఈ కన్ను వల్లేనా?" అన్నాడు.

"కాదండీ. అది నిజంగానే ఉంది," అన్నాడు సారు.

షెడ్డంతా నవ్వులు. మా తోడికోడలు ముఖం మాడిపోయింది. నేను గెలిచినా. గెలిచినదాన్ని నోరు మూసుకోని ఇంటికి పోవాల గదా? పోలా. లేచి నిలబడి, "తాడు ఎట్టాగూ చేతిలో ఉండాది గదా పెద్దాయనా, ఆ దడి కూడా కొలిచేయండి. నిజం తేలిపోతది," అన్నా.

మా అత్త నా కొంగు పట్టుకోని లాగింది. నేను విదిలించుకున్నా.

ఈ కొస హద్దురాయి కాణ్ణుంచి ఆ కొస హద్దురాయి దాకా తాడు పట్టినారు. దడి రెండు కొసల్లోనూ తాడు మీదే ఉండాది. మధ్యలో, మునగచెట్టు కాడ, మూరెడు అవతలికి పోయి ఉండాది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అంత జ్ఞాపకం ఉండేదాన్ని, అదొక్కటి ఎట్ట మరిచిపోయినానో! దడి కట్టేనాడు, చెట్టు మన పక్కకి రావాలయ్యా అని మా ఆయన చెవిలో చెప్పి, కొంచెం వంచి కట్టించింది నేనే. ఫొటోలో పొట్ట అబద్ధం. దడికి పొట్ట నిజం.

ఎల్లుండి దడి తీసి తాడు వెంబడి వేసుకోండి, చెట్టు చిన్నామెది అన్నాడు పెద్దాయన.

ఆ పూట నేను పొయ్యి వెలిగించలా. మా అమ్మ తడిగుడ్డలో చుట్టి పంపిన చెట్టు, నా నోటితో నేనే పోగొట్టుకుంటి. సారు గడపకాడికి వచ్చి నిలబడినాడు. "అమ్మా, ఇదంతా నా వల్ల..."

"మీ వల్ల కాదు. మీ కన్ను వల్ల," అన్నా. ఆ రోజుకి టీ కూడా పెట్టలా. ఆయన ఖాళీ గ్లాసులో మంచినీళ్ళు పోసుకోని, ఊదుకుంటా తాగినాడు. ఎగతాళికి కాదు. అలవాటు మీద.

సాయంత్రం మళ్ళీ వచ్చినాడు. "అమ్మా, కింది కొమ్మకి ఒక గుత్తి ఇప్పుడే విచ్చింది. ఎల్లుండి గడ్డపార వేస్తే రాలిపోతది. రేపు అత్తగారి టైముకి తీసుకుంటా. గాలి ఏమన్నా వస్తే అడ్డంగా దుప్పటి పట్టుకోవాల. పట్టుకుంటారా?"

దుప్పటికి రెండో కొస ఎవురు పట్టుకుంటారో నేనడగలా. ఆమె కూడా అడగలేదంట.

పొద్దున్నే చూస్తే, దడి చుట్టూ తిరిగి ఆమె నా దొడ్లోకి వచ్చి నిలబడి ఉండాది. రెండేళ్ళల్లో ఆమె ఆ దొడ్లో అడుగు పెట్టడం అదే మొదలు. ఇద్దరం సారుకేసి చూసినాం. ఆయన అప్పటికే చెట్టు కింద పండుకోని ఉండాడు. "ఈ కొస మీరు, ఆ కొస మీరు. దగ్గరగా రండి. మీరూ ఫొటోలో పడతారు, పడనీండి, తర్వాత కత్తిరిస్తా. ఇంక కదలొద్దు. మాట్లాడుకోవద్దు."

మాట్లాడుకోవద్దంట! రెండేళ్ళుగా మేం చేస్తా ఉండే పని అదే గదా.

గాలి ఆగిపోయింది. ఆయన లెక్కపెట్టుకుంటా ఉండాడు. పది. పదకొండు. ఆమె ముఖం అంత దగ్గరగా నేను చూసి ఎన్నాళ్ళయిందో. చెవి దగ్గర వెంట్రుకలు తెల్లబడినాయి. అప్పుడే తెల్లబడినాయే అనుకున్నా. ఇరవై రెండు. ఇరవై మూడు. ఒక ఎర్రచీమ ఆమె పాదం మీదకెక్కింది. నేను చూసినా. నేను చూసినానని ఆమె చూసింది. కాలు కదపకూడదు. చీమ చీలమండ దాటింది. ఆమె ముక్కుపుటాలు అదిరినాయి. ఆ అదురు నాకు తెలుసు. కొత్తకోడలిగా పూజలో కూర్చున్నప్పుడు నవ్వాపుకోలేక అట్నే అదిరించేది. నాకు లోపల్నుంచి నవ్వు పొంగింది. దుప్పటి వణికింది.

"దుప్పటి! దుప్పటి!" అన్నాడు సారు కిందనుంచి.

పళ్ళు బిగబట్టి నిలబడినాం. నలభై అనంగానే ఆమె దుప్పటి వదిలేసి, కాలు కొట్టుకుంటా దొడ్డంతా ఎగిరింది. నేను చెట్టు పట్టుకోని నవ్వినా. కళ్ళనీళ్ళు కారినాయి. అవి ఏ నీళ్ళో అడగొద్దు.

సారు కెమెరా వెనక చిన్న అద్దంలో చూపించినాడు. మధ్యలో పూలగుత్తి. ఈ అంచున నేను, ఆ అంచున ఆమె. ఇద్దరం నడుములు వంగి, తలకాయలు ఒకరి పక్కకి ఒకరం వాల్చి, ఏదో గుట్టు చెప్పుకుంటా ఉన్నట్టు ఉండాం.

"ఎవురు సారూ ఈమె, నా మీదకి వంగి వస్తా ఉండాది?" అనింది మా తోడికోడలు.

"మీరూ ఆమె మీదకి వంగే ఉన్నారమ్మా. ఇద్దరూ ఒకటే కొలత," అన్నాడు సారు.

ఆమె చీమ కుట్టిన కాలు గీరుకుంటా పోయింది. ఆ ఫొటో ఆయన కత్తిరించలా.

మర్నాడు దడి తీసే పొద్దు. మగోళ్ళు సముద్రం మీదకి వేటకి పోయి ఉండారు. నేను లోపల తలుపేసుకోని కూర్చున్నా. తాటాకులు పీకే చప్పుడు వినపడింది. తర్వాత గడ్డపార చప్పుడు. ప్రతి దెబ్బా నా చెట్టు వేళ్ళకి తగలతా ఉన్నట్టే ఉండింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

"అక్కా!"

మేకని పిలిచిందేమో అనుకున్నా.

"అక్కా, నిన్నే! గుంజ పాతినా. నిటారుగా ఉండాదో లేదో వచ్చి చూసి చెప్పు. రేపు ఏ ఫొటోలోనో వంకరొస్తే మళ్ళీ నా మీద పడతావు."

బయటికి వచ్చినా. చెమటలు కారతా, మట్టిచేతులతో నిలబడి ఉండాది. చెట్టు ఆమె పక్కన. పూత రాలకుండా కింది కొమ్మకి చీరపేలిక చుట్టి, ఎత్తి కట్టి ఉండాది.

"ఈ ఏడు కూడా కాయలు ఎండనిస్తావా?" అన్నా.

"నా చెట్టు కాయలు నేనెందుకు ఎండనిస్తా? కోసి నీ మొఖాన పడేస్తా. రొయ్యలేసి వండి పంపు. నీ చేతి కూర తిని రెండేళ్ళయింది," అనింది. అని గుంజ పట్టుకోని, "ముందు ఇది చూడు," అనింది.

చూసినా. "నీ పక్కకి వాలింది."

"లేదు, నీ పక్కకే వాలింది."

"నా పక్కకి యాడ వాలింది? కళ్ళు పెట్టి చూడు!"

మా అరుపులకి సారు గదిలోంచి పరిగెత్తుకోనొచ్చినాడు. మోచేతులకి అప్పటికే చెప్పులు కట్టుకోని ఉండాడు. "ఉండండమ్మా, నేను చూస్తా," అని కెమెరా ఎత్తి కంటికి పెట్టుకున్నాడు.

"ఆ కన్నుతో వద్దు సారూ!" అని అరిచినాం. ఇద్దరం. ఒక్క గొంతుతో.

ఆయన ఉలిక్కిపడి కెమెరా దించినాడు. కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడుచుకోని, పెట్టుకోని, సొంత కళ్ళతో ఆ గుంజని చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు, ఆమెని చూసినాడు. చాలాసేపు తీసుకున్నాడు.

"నిటారుగా ఉందమ్మా," అన్నాడు.

లేదు. గుడ్డివాళ్ళకి కూడా కనపడేటంత వంకర ఉండాది. మాకిద్దరికీ తెలుసు. "ఉండాది," అన్నా నేను. "ఉండాది," అనింది ఆమె. గుంజ మొదట్లో మట్టి తొక్కి, ఇద్దరం చెరో పక్కకి పోయినాం.

మా ఆయన ఏటా దడి కట్టేటప్పుడు ఆ గుంజ పీకి సరిచేస్తానంటాడు. ఇద్దరం ఒప్పుకోం. అది ఏ పక్కకి వాలిందో మీరు మా పల్లెకి వచ్చి అడిగినా, నేనొకటి చెప్తా, ఆమె ఇంకోటి చెప్తది. ఆ ఒక్కదాని మీద మాకిద్దరికీ రాజీ లేదు.